బొద్దింకకు వీసా

కాన్సులేటు కిటికీ ముందు నిలబడ్డ కథ ఒక్కటైనా లేని ఇల్లు మన ప్రవాస తెలుగువాళ్ళలో అరుదు. హైదరాబాదులో అమెరికన్ కాన్సులేటు రాకముందు చెన్నై వెళ్ళి, రాత్రంతా లాడ్జిలో కాగితాలు సర్దుకుని, తెల్లవారకముందే వరసలో నిలబడ్డవాళ్ళున్నారు. 2000 ప్రాంతాల్లో హెచ్-1 స్టాంపింగు కోసం సరిహద్దు దాటి మెక్సికోలోని టిహువానా, నోగాలెస్ లాంటి ఊళ్ళకి వెళ్ళి, పాస్‌పోర్టు తిరిగొచ్చేదాకా హోటల్ గదిలో ఊరగాయ మెతుకులతో కాలక్షేపం చేసినవాళ్ళున్నారు. పండక్కి నలుగురం కలిసినప్పుడు ఈ కథలు బయటికొస్తాయి. చెప్పేవాళ్ళు ఆఫీసరు గొంతుని అనుకరిస్తారు, వినేవాళ్ళు పడీపడీ నవ్వుతారు. ఆ రోజు ఆ కిటికీ ముందు కాళ్ళు వణికిన సంగతి ఎవరూ అడగరు, చెప్పేవాళ్ళూ చెప్పరు.

అలాంటి కాన్సులేటు కథ ఒకటి 1988లో ఆస్కార్ బహుమతుల వేదిక మీద వినిపించింది. చెప్పింది బిల్లీ వైల్డర్. అప్పటికి అతనికి ఎనభై ఒక్కేళ్ళు. సినిమా రచయితగా, దర్శకుడిగా హాలీవుడ్‌లో అరవైల దాకా అతని మాటే చెల్లింది. ఆ రాత్రి థాల్బర్గ్ స్మారక పురస్కారం అందుకుంటూ, నిర్మాతలకీ నటులకీ కృతజ్ఞతలు చెప్పే వంతు వచ్చాక, పేరు కూడా గుర్తులేని ఒక కాన్సులేటు ఉద్యోగికి కృతజ్ఞతలు చెప్పాలన్నాడు.

కథ 1934 నాటిది. వైల్డర్ అమెరికాకి విజిటర్ వీసా మీద వచ్చాడు. గడువు అయిపోయింది. స్థిరపడే వీసా కావాలంటే దేశం వదిలి బయటికెళ్ళి, బయటున్న కాన్సులేటులో అడగాలి. అందుకని కాలిఫోర్నియా సరిహద్దుకి అవతలున్న మెక్సికాలీ వెళ్ళాడు. చేతిలో పాస్‌పోర్టు, పుట్టిన తేదీ పత్రం, నలుగురైదుగురు అమెరికన్లు రాసిచ్చిన ఉత్తరాలు తప్ప ఏమీ లేవు. "ఇంతేనా?" అన్నాడు కాన్సుల్. ఇంతేనన్నాడు వైల్డర్. తనని వెతుక్కుంటూ మనుషులొచ్చారని పొరుగువాళ్ళు చెబితే బెర్లిన్ నుంచి కట్టుబట్టలతో రాత్రి రైలెక్కాననీ, మిగతా కాగితాల కోసం నాజీ ప్రభుత్వానికి రాస్తే జవాబు రాదనీ, స్వయంగా వెళ్ళి అడిగితే దహావు నిర్బంధ శిబిరానికి పంపిస్తారనీ చెప్పాడు. కాన్సుల్ చాలాసేపు చూశాడు. ఏం పని చేస్తావని అడిగాడు. సినిమాలు రాస్తానన్నాడు. కాన్సుల్ లేచి, వైల్డర్ వెనక కాసేపు పచార్లు చేసి, తిరిగొచ్చి కూచుని, పాస్‌పోర్టు తెరిచి ముద్ర కొట్టి చేతికిచ్చాడు. ఇస్తూ, మంచివి రాయి అన్నాడు. అప్పట్నుంచీ ఆ ప్రయత్నమే చేస్తున్నానని వైల్డర్ వేదిక మీద ముగించాడు.

ఎంత బాగుందో చూడండి. ఎక్కడ ఆగాలో, ఏ మాట ఎవరి నోట పలికించాలో తెలిసినవాడు చెప్పిన కథ. ఇంత బాగున్నందుకే కొంచెం అనుమానించాలి కూడా. వైల్డర్ తన కథలకి మెరుగులు దిద్దుతాడని జీవిత చరిత్రకారులకి తెలుసు. కానీ నాకు ఆసక్తి కలిగించింది మరొకటి. ఇదే మెక్సికో సరిహద్దునీ, ఇదే ఎదురుచూపునీ వైల్డర్ అంతకు నలభై ఏడేళ్ళ ముందు, 1941లో, ఒక సినిమాలో రాశాడు. అందులో ఆఫీసరు అంత త్వరగా ముద్ర వెయ్యడు. ఆ రెండు కథల మధ్య దూరం కొలిస్తే, కష్టాన్ని నవ్వుగా మార్చడమంటే ఏమిటో కొంత అర్థమవుతుంది.

బిల్లీ అని పిలిచిన తల్లి

వైల్డర్ 1906లో సుహా అనే ఊళ్ళో పుట్టాడు. అప్పట్లో అది ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో గలీషియా ప్రాంతం. ఇప్పుడు పోలండ్‌లో ఉంది. యూదు కుటుంబం. తండ్రి మాక్స్ రైల్వే స్టేషన్లలో భోజనశాలలు నడిపేవాడు. తల్లి యూజీనియా చిన్నతనంలో కొన్నాళ్ళు న్యూయార్కులో ఉండొచ్చింది. ఆ ఊరి కథలు జీవితమంతా చెప్పుకుంది. కొడుకుకి కాగితాల్లో పెట్టిన పేరు సామ్యూల్. ఇంట్లో మాత్రం ఆమె అమెరికన్ పేరులా వినిపించే బిల్లీ అని పిలిచింది. అమెరికా వచ్చాక వైల్డర్ ఆ పేరు స్పెల్లింగు మార్చుకోవాల్సి వచ్చింది. తల్లి రాసిన తీరులో రాస్తే ఇక్కడ అది ఆడపిల్ల పేరు. మన పిల్లల పేర్లు ఇక్కడి నోళ్ళలో పడే పాట్లు తెలిసిన మనకి ఇందులో వింతేమీ లేదు.

వియన్నాలో పత్రికా విలేఖరిగా మొదలుపెట్టి 1926లో బెర్లిన్ చేరాడు. చేతిలో డబ్బు లేని రోజుల్లో ఈడెన్ హోటల్లో ఒక ఉద్యోగం దొరికింది. ఒంటరిగా వచ్చిన ఆడవాళ్ళతో కూలికి నాట్యం చెయ్యడం. గౌరవంగా చెప్పుకునే పని కాదు. అయితే 1927లో ఆ అనుభవాన్నే బెర్లిన్ దినపత్రికలో వరసగా రాశాడు. శీర్షిక "వెయిటర్, ఒక డాన్సర్‌ని తీసుకురా" అన్న అర్థంలో ఉంటుంది. సిగ్గుపడాల్సిన పనిని తనే ముందు నవ్వుతూ చెప్పేస్తే ఇంకొకరు నవ్వడానికి ఏమీ మిగలదు. ఇరవై ఏళ్ళు దాటీ దాటకుండానే ఆ కిటుకు అతనికి పట్టుబడింది.

1930 నాటికి సినిమా రచయితగా పేరొచ్చింది. 1933 జనవరి 30న హిట్లర్ ఛాన్సలర్ అయ్యాడు. ఫిబ్రవరి 27న జర్మన్ పార్లమెంటు భవనం తగలబడింది. ఆ తరవాత కొద్ది రోజుల్లోనే వైల్డర్ పారిస్‌లో ఉన్నాడు. బెర్లిన్ సినిమాల్లో పనిచేసిన మరికొందరు కాందిశీకులతో ఒకే చవక హోటల్లో కాలం గడిపాడు. వాళ్ళలో నటుడు పీటర్ లోరే, సంగీత దర్శకుడు ఫ్రాంజ్ వాక్స్‌మన్ ఉన్నారు. రచయితకి దేశం పోవడమంటే భాష పోవడం. నటుడు ముఖంతో బతకొచ్చు, సంగీత దర్శకుడు స్వరంతో బతకొచ్చు. జర్మన్‌లో చమత్కారాలు రాసి బతికినవాడు ఫ్రెంచిలో ఏం రాస్తాడు?

1934 జనవరిలో అమెరికాకి ఓడ ఎక్కాడు. అప్పటికే న్యూయార్కులో చేతిసంచుల వ్యాపారం చేస్తున్న అన్న ఉన్నాడు. కొలంబియా కంపెనీ కొన్న ఒక కథ ఉంది. ఇంగ్లీషు మాత్రం దాదాపు లేదు. రేడియో వింటూ, రోజుకిన్ని కొత్త మాటలని లెక్క పెట్టుకుని నేర్చుకున్నాడు. హాలీవుడ్‌లో ఒకసారి ఒక హోటల్లో గదులు ఖాళీ లేక ఆడవాళ్ళ మరుగుదొడ్డికి ముందున్న చిన్న గదిలో పడుకున్నానని తరవాత కథలుగా చెప్పుకునేవాడు.

కిటికీకి ఇవతలా అవతలా

మెక్సికాలీ కథలో కాన్సుల్ ఎందుకంత పెద్దవాడిగా కనిపిస్తాడో తెలియాలంటే అప్పటి చట్టం తెలియాలి. 1924 వలస చట్టం ఒక్కో దేశానికి ఏడాదికి ఇంతమందేనని కోటా గీసింది. లెక్క పుట్టిన దేశాన్ని బట్టి. గ్రీన్ కార్డు వరసలో ఏళ్ళ తరబడి నిలబడ్డవాళ్ళకి ఈ తిరకాసు నేను వివరించక్కర్లేదు. జర్మనీ కోటా 25,957. హిట్లర్ వచ్చిన ఏడాది ఆ దేశం వదిలి పోవాలనుకున్నవాళ్ళు వేలల్లో ఉన్నా ఆ కోటాలో ఎక్కువ భాగం ఖాళీగానే మిగిలిపోయింది. కారణం ఆర్థిక మాంద్యం రోజుల్లో, 1930లో, హూవర్ ప్రభుత్వం కాన్సుళ్ళకిచ్చిన ఆదేశం. వచ్చే మనిషి ప్రభుత్వానికి భారం కావచ్చని అనిపిస్తే వీసా ఇవ్వొద్దు. అనిపించడమంటే ఆ కిటికీ వెనకున్న మనిషికి అనిపించడమే. పైగా పుట్టిన దేశం పోలీసుల నుంచి ప్రవర్తన పత్రం లాంటివి తెమ్మనేవారు. తరుముతున్నవాడి దగ్గరికే వెళ్ళి, నేను మంచివాణ్ణని రాసివ్వమని అడగడం!

అదే చట్టం మనవాళ్ళకి కోటా మాట దేవుడెరుగు, తలుపే పెట్టలేదు. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో భారతీయులకి అమెరికన్ పౌరసత్వానికి అర్హత లేదని సుప్రీం కోర్టు తేల్చింది. పౌరసత్వానికి అర్హత లేనివాళ్ళు వలస రాకూడదని 1924 చట్టం అంది. 1946లో లూస్-సెల్లర్ చట్టం వచ్చాక ఏడాదికి 100 మంది భారతీయులకి దారి దొరికింది.

కాబట్టి ఆ మెక్సికాలీ కథని నవ్వుతూ చెప్పగలిగింది ముద్ర పడ్డవాడు కాబట్టే. ముద్ర పడనివాళ్ళ దగ్గర చెప్పడానికి కథ ఉంటుందేమో గానీ అందులో మంచి ముగింపు ఉండదు. ఈ సంగతి వైల్డర్‌కి బాగా తెలుసు. 1941 నాటి సినిమా అందుకే అలా ఉంటుంది.

బొద్దింక

ఆ సినిమా పేరు "హోల్డ్ బ్యాక్ ది డాన్". కెట్టి ఫ్రింగ్స్ కథ ఆధారంగా వైల్డర్, అతని జంట రచయిత చార్లెస్ బ్రాకెట్ కలిసి స్క్రీన్‌ప్లే రాశారు. దర్శకుడు మిచెల్ లైసెన్. నాయకుడు ఇస్కొవెస్కు రుమేనియా వాడు. యూరప్‌లో ఆడవాళ్ళతో నాట్యం చేస్తూ, వాళ్ళ డబ్బు మీద బతికినవాడు. ఈడెన్ హోటలు గుర్తొస్తోంది కదా! మెక్సికో సరిహద్దు ఊళ్ళో కాన్సులేటుకి వెళ్తే, రుమేనియా కోటాలో వంతు రావడానికి ఐదు నుంచి ఎనిమిదేళ్ళు పడుతుందంటారు. ఊళ్ళో ఉన్న ఒకే హోటలు నిండా అలా వరసలో ఉన్నవాళ్ళే. ఆ హోటలు పేరుకి స్పానిష్‌లో అర్థం "ఆశ". అందులో గది ఖాళీ లేదు. చివరికి ఒకటి దొరుకుతుంది. అందులో ఉన్నవాడు ఎదురుచూసి చూసి ఉరి పోసుకున్నాడు కాబట్టి దొరుకుతుంది.

అలా అని సినిమా ఏడుపుగా సాగదు. నిండు గర్భిణి ఒకావిడ బిడ్డ అమెరికాలో పుడితే చాలని పథకం వేస్తుంది. హోటల్లో ఉన్న ఒక మంగలి, అమెరికన్ విప్లవంలో పోరాడిన లఫాయెట్ వంశంవాడని తేలి, వరసతో పని లేకుండా పౌరుడైపోతాడు. ఇస్కొవెస్కు మాత్రం ఒక అమాయకపు బడిపంతులమ్మని వీసా కోసం పెళ్ళి చేసుకుంటాడు. ఇదంతా చెప్పే తీరు ఇంకా విచిత్రం. సినిమా మొదట్లో ఇస్కొవెస్కు దొంగచాటుగా సరిహద్దు దాటి, పారమౌంట్ స్టూడియోలోకి చొరబడి, షూటింగులో ఉన్న దర్శకుణ్ణి పట్టుకుని, నా కథ 500 డాలర్లకి కొనుక్కోమంటాడు. మనం చూసే సినిమా అతను అమ్ముతున్న ఆ కథే. కాందిశీకుడి దగ్గర అమ్ముకోవడానికి మిగిలే సరుకు తన కథొక్కటేనని వైల్డర్ తన యజమాని స్టూడియోలోనే నిలబడి చెప్పాడు.

ఇంతకీ బొద్దింక. వైల్డర్, బ్రాకెట్ రాసిన ఒక దృశ్యంలో ఇస్కొవెస్కు గడ్డం పెరిగి, మంచం మీద పడి ఉంటాడు. గోడ మీద బొద్దింక పాకుతూ అద్దం వైపు పోతుంటుంది. ఇతను చేతికర్ర అడ్డం పెట్టి సరిహద్దు ఆఫీసరులా దాన్ని నిలదీస్తాడు. ఎక్కడికి పోతున్నావు? నీకు వీసా ఉందా? పాస్‌పోర్టు లేకుండా ఎలా ప్రయాణం చేస్తావు? అంతే దృశ్యం.

ఈ దృశ్యం తెర మీదికి రాలేదు. నాయకుడి వేషం వేసిన షార్ల్ బోయే అప్పటికి పెద్ద తార. బొద్దింకతో మాట్లాడటం తన స్థాయికి తగదన్నాడు. జవాబు చెప్పలేని పురుగుతో ఎవరైనా మాట్లాడతారా అన్నాడు. దర్శకుడు లైసెన్ అతని మాటే విన్నాడు. సంగతి తెలిసిన వైల్డర్ మండిపడ్డాడు. బొద్దింకతో మాట్లాడనివాడు ఇంకెవరితోనూ మాట్లాడక్కర్లేదని, ఇంకా షూటింగు కావలసిన భాగంలో బోయే మాటలు తగ్గించి, ఆ బరువంతా కథానాయిక ఒలీవియా డి హావిలాండ్ వైపు జరిపారని ప్రసిద్ధమైన కథ. నా మాటల్ని నేనే కాపాడుకోవాలంటే దర్శకుణ్ణి కాక తప్పదని అప్పుడు తీర్మానించుకున్నాడు. మరుసటి ఏడాదే అయ్యాడు.

బోయే అన్న మాటలో అబద్ధం లేదు. మామూలు మనిషి బొద్దింకతో మాట్లాడడు. నెలల తరబడి గదిలో పడి, పగలంతా ఒక ఆఫీసరు ముందు చేతులు కట్టుకు నిలబడి, రాత్రి ఆ ఆఫీసరు వేషం తనే వెయ్యగలిగితే తప్ప నిద్ర పట్టని స్థితికి వచ్చినవాడు మాట్లాడతాడు. తనకన్నా తక్కువవాడు ఆ గదిలో ఇంకెవరూ లేరు కాబట్టి పురుగుతో మాట్లాడతాడు. అధికారం పాత్ర తనే ధరించి, తన పాత్ర బొద్దింకకిచ్చాడు. చూస్తే నవ్వొస్తుంది. రెండు క్షణాలాగితే ఆ నవ్వు గొంతులో అడ్డం పడుతుంది. ఆ గదిలో ఉన్నవాడికీ లేనివాడికీ తేడా ఆ దృశ్యం అర్థం కావడంలో, కాకపోవడంలో ఉంది.

భయాన్ని ఎక్కడ పెట్టాడు?

దర్శకుడయ్యాక వైల్డర్ తన కథ నేరుగా మళ్ళీ చెప్పలేదు. కానీ సరుకు అదే. 1942లో తీసిన "ది మేజర్ అండ్ ది మైనర్"లో న్యూయార్కులో విసిగిపోయిన అమ్మాయి ఊరికి తిరిగి పోదామంటే రైలు టికెట్టుకి డబ్బు చాలదు. పన్నెండేళ్ళ పిల్లలా జడలు వేసుకుని హాఫ్ టికెట్టు కొంటుంది. రైల్లో టికెట్ కలెక్టరు కనిపిస్తే బెర్తు కింద నక్కిన బాల్యం ఉన్నవాళ్ళకి ఆ సినిమా విడమర్చి చెప్పక్కర్లేదు. కాగితం చాలదు, కాబట్టి మనిషి మారాలి. మెక్సికాలీ సూత్రమే ఇక్కడ హాస్యమైంది.

1959లో వచ్చిన "సమ్ లైక్ ఇట్ హాట్" చూడండి. ఇద్దరు సంగీత కళాకారులు ఆడవేషం వేసుకుని ఆడవాళ్ళ బ్యాండులో చేరతారు. రిషి కపూర్, పెయింటల్ నటించిన 1975 నాటి హిందీ "రఫూ చక్కర్" దీని నుంచే వచ్చింది. మూలం 1935 నాటి ఒక ఫ్రెంచి సినిమా, దాన్ని 1951లో తిరగతీసిన జర్మన్ సినిమా. ఆ పాత సినిమాల్లో వాళ్ళు వేషాలు వేసేది ఉద్యోగాల కోసం. వైల్డర్‌కీ, సహరచయిత డైమండ్‌కీ అది సరిపోలేదు. వేషం తీస్తే ప్రాణం పోవాలి, అప్పుడుగానీ హాస్యానికి బలం రాదనుకున్నారు. అందుకని 1929 ఫిబ్రవరి 14న షికాగో గ్యారేజీలో జరిగిన నిజమైన హత్యాకాండని తెచ్చి కథ మొదట్లో పెట్టారు. ఏడుగుర్ని కాల్చి చంపడం ఆ ఇద్దరూ చూస్తారు. హంతకులు వాళ్ళని చూస్తారు. వెంటనే రైలు, కొత్త పేర్లు, కొత్త బట్టలు, కొత్త నడక, పట్టుబడతామన్న భయం. డైమండ్ కూడా రుమేనియాలో పుట్టి చిన్నప్పుడే అమెరికా వచ్చినవాడు. అతని అసలు పేరు వేరే. 2000లో అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ అమెరికా హాస్య చిత్రాలన్నిటిలోకీ దీనికి మొదటి స్థానమిచ్చింది. అంత నవ్వించే సినిమా హత్యాకాండతో మొదలై పారిపోవడంతో నడుస్తుందని నవ్వేటప్పుడు ఎవరికీ గుర్తుండదు. వైల్డర్‌కి కావలసిందీ అదే.

1960 నాటి "ది అపార్ట్‌మెంట్" వైల్డర్‌కి ఒకే సినిమాకి మూడు ఆస్కార్లు తెచ్చింది. పై అధికారులకి తన ఫ్లాటు తాళంచెవి ఇచ్చి, చలిలో సొంత ఇంటి బయట నిలబడ్డ గుమాస్తా కథ అది.

వరసగా చూస్తే ఒక పద్ధతి కనిపిస్తుంది. కష్టం గురించి మాట్లాడడు. ఆ కష్టంలో మనిషి చేసే పిచ్చి పనుల గురించి మాట్లాడతాడు. బతకడానికి మనిషి వేసిన వేషం, ఆడిన అబద్ధం, పడిన తొట్రుపాటు తీసుకుంటాడు. భయాన్ని కథ అడుగున ఉంచి, దాని మీద నవ్వు కడతాడు. జాలి అడిగితే వినేవాడు కాసేపటికి తల తిప్పుకుంటాడు. నవ్విస్తే చివరిదాకా కూచుంటాడు.

నవ్వు ఆగిన చోటు

1945లో వైల్డర్ అమెరికన్ సైన్యంలోని మానసిక యుద్ధ విభాగం తరఫున జర్మనీ వెళ్ళాడు. నిర్బంధ శిబిరాలు విముక్తమైనప్పుడు తీసిన చిత్రాలతో జర్మన్ ప్రజలకి చూపించడానికి తయారుచేసిన "డెత్ మిల్స్" అనే 22 నిమిషాల డాక్యుమెంటరీ కూర్పు పర్యవేక్షించాడు. ఆ బొమ్మ మొదటిసారి చూపించినప్పుడు జరిగినదాన్ని కూడా కథగానే చెప్పాడు. అభిప్రాయం రాయమని ప్రేక్షకులకి కార్డులు, పెన్సిళ్ళు ఇచ్చారట. బొమ్మ అయ్యేసరికి చాలామంది లేచిపోయారట. కార్డులన్నీ ఖాళీ. పెన్సిళ్ళు ఒక్కటీ మిగల్లేదట. ఎంత నిజమో గానీ, ఒక దేశం తన నేరానికి ముఖం చాటేయడం గురించి ఇంత తక్కువ మాటల్లో చెప్పడం కష్టం.

వెళ్ళిన పని అది. వెతికింది తల్లిని. తండ్రి 1928లోనే పోయాడు. తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకుంది. తల్లి, మారుతండ్రి, అమ్మమ్మ ముగ్గురూ మిగల్లేదు. ఆష్‌విట్జ్‌లో పోయారని వైల్డర్ నమ్మాడు. అమెరికా కథలు చెప్పి, కొడుక్కి అమెరికా పేరు పెట్టి పిలిచిన మనిషి అమెరికా చేరలేదు. ఆమెకి ఏ కిటికీ ముందూ ముద్ర పడలేదు.

దీని మీద అతను కామెడీ రాయలేదు. 1948లో శిథిలమైన బెర్లిన్‌లో "ఎ ఫారిన్ అఫైర్" అనే హాస్య చిత్రం తీశాడు. అందులో నాజీల్ని, వాళ్ళతో సర్దుకుపోయిన అమెరికన్లని ఎగతాళి చేశాడు. 1953లో జర్మనీ యుద్ధఖైదీల శిబిరం నేపథ్యంగా "స్టాలాగ్ 17" తీశాడు. అందులో అమెరికన్ ఖైదీల మధ్య ఒక జర్మన్ గూఢచారి ఉంటాడు. ఆ చిత్రాన్ని జర్మనీలో విడుదల చెయ్యడానికి పారమౌంట్ ఆ గూఢచారిని పోలండ్ వాడిగా మారుద్దామని ప్రతిపాదించింది. నా వాళ్ళని చంపిన దేశంలో టికెట్లు అమ్మడానికి ఈ మార్పా అని వైల్డర్ భగ్గుమన్నాడు. క్షమాపణ చెప్పమన్నాడు. రాలేదు. దాదాపు పద్దెనిమిదేళ్ళు పనిచేసిన స్టూడియోతో బంధం తెంచుకున్నాడు. ప్రతిదాన్నీ నవ్వులాటగా తీసుకునే మనిషి కూడా గీత ఎక్కడ గీశాడో ఇక్కడ కనిపిస్తుంది.

వయసు మళ్ళాక "షిండ్లర్స్ లిస్ట్" తానే తీయాలనుకున్నాడు. తన వాళ్ళకి గుర్తుగా ఉండేదన్నాడు. హక్కులు స్పీల్‌బర్గ్ దగ్గరున్నాయి. ఆ సినిమా 1993లో వచ్చింది. తల్లి కథని వైల్డర్ చెప్పనే లేదు. 2002 మార్చి 27న తొంభై ఐదేళ్ళ వయసులో బెవర్లీ హిల్స్‌లో పోయాడు. ఆ తరవాత తొమ్మిదేళ్ళకి, 2011లో, ఇద్దరు పరిశోధకులు రికార్డులు వెతికి అసలు సంగతి తేల్చారు. తల్లి 1943లో ప్లాషువ్ శిబిరంలో, మారుతండ్రి 1942లో బెల్జెత్స్‌లో, అమ్మమ్మ నోవీ తార్గ్ యూదుల వాడలో చనిపోయారు. ఆష్‌విట్జ్ కాదు. తన తల్లి ఎక్కడ పోయిందో సరిగా తెలియకుండానే వైల్డర్ వెళ్ళిపోయాడు.

మన కథల రెండో సగం

మనం కాందిశీకులం కాదు. మనల్ని తరిమినవాళ్ళు లేరు. చదువుకుని, చేతిలో డిగ్రీతో, విమానమెక్కి వచ్చినవాళ్ళం. మన ఇబ్బందుల్ని వైల్డర్ కష్టాల పక్కన పెడితే అది అతనికీ అన్యాయం, మనకీ అన్యాయం. అయినా కథ చెప్పే దగ్గర మనం చేసే పని అతను చేసినదే.

మొదటి శీతాకాలంలో జారిపడ్డ కథ, డ్రైవింగు పరీక్ష మూడుసార్లు తప్పిన కథ, ఉద్యోగం పోయి నలుగురు ఒకే అపార్టుమెంటులో చారు అన్నంతో నెలలు గడిపిన 2001 నాటి కథ. ఇవన్నీ మన దగ్గర నవ్వుల కథలే. మెక్సికో స్టాంపింగు కథ కూడా అంతే. అయితే ఇందులో ఒక రకం కథ ఇంకా ఉంది. తండ్రి పోయాడని ఫోనొచ్చింది. వెళ్తే మళ్ళీ లోపలికి రానిస్తారో లేదో తెలియదు. ఇక్కడ భార్యాపిల్లలు, ఉద్యోగం. వెళ్ళలేదు. 2020లో కాన్సులేట్లు మూతపడినప్పుడు ఇలా ఆగిపోయినవాళ్ళు మన మధ్య ఉన్నారు, అంతకుముందూ ఉన్నారు. ఆ మనిషి పండగనాడు స్టాంపింగు కథ చెప్పి అందర్నీ నవ్విస్తాడు. అదే వీసా వల్ల తండ్రికి తలకొరివి పెట్టలేకపోయిన సంగతి ఆ కథలో ఉండదు.

చెప్పకపోవడం తప్పని నేననను. నవ్వించగలిగిన సగమే నలుగురిలో చెప్పడం మర్యాద. అది మనిషిని నిలబెట్టే మందు కూడా. వైల్డర్‌ని అది తొంభై ఐదేళ్ళు నిలబెట్టింది. కానీ ఇక్కడ పుట్టిన మన పిల్లలు వింటున్నది ఆ సగమొక్కటే. అమ్మానాన్నల వలస అంటే పిల్లల దృష్టిలో వరస తమాషా సంఘటనలు. అమెరికాలో తేలిగ్గా స్థిరపడ్డామని వాళ్ళనుకుంటే ఆ తప్పు వాళ్ళది కాదు. రేపు సరిహద్దు దగ్గర వరసలో నిలబడ్డ మరొకణ్ణి చూసినప్పుడు, వాడికీ తమ ఇంటికీ చుట్టరికముందని వాళ్ళకి తోచదు.

ఆ రెండో సగం సభల్లో చెప్పక్కర్లేదు. పిల్లాడికి పద్దెనిమిది, ఇరవై ఏళ్ళు వచ్చాక, కారులో పక్కన కూచున్నప్పుడో, రాత్రి వంటింట్లో గిన్నెలు తుడుస్తున్నప్పుడో ఒక్కసారి చెబితే చాలు. తేదీలతో, ఊళ్ళ పేర్లతో చెప్పండి. తాతగారు ఏ రోజున పోయారు, ఆ రోజు మనం ఏ ఊళ్ళో ఉన్నాం, టికెట్టు ఎందుకు కొనలేదు, ఆ రాత్రి ఇంటికి ఎవరొచ్చి కూచున్నారు. ఈ వివరాలు మీరు చెప్పకపోతే ఏ పరిశోధకుడూ ఏ రికార్డుల్లోంచీ బయటికి తియ్యలేడు. ఆ తరవాత ఎప్పటిలా కాన్సులేటు ఆఫీసరు గొంతు అనుకరించి నవ్వించండి. ఈసారి పిల్లలు నవ్వుతూనే మీ మొహం కూడా చూస్తారు.